దండయాత్రలు దాటిన డెల్టా: విజేతలను మహానుభావులు అనాలా?

కాకినాడలోనో రాజమండ్రిలోనో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లను ‘భారత నెపోలియన్ ఎవరు?’ అని అడిగితే తడుముకోకుండా సముద్రగుప్తుడు అని చెబుతారు. విన్సెంట్ స్మిత్ అనే చరిత్రకారుడు పెట్టిన పేరది. దానికి ఆధారం అలహాబాద్ స్తంభం మీద ఉన్న ప్రశస్తి, అంటే రాజును పొగుడుతూ చెక్కిన శాసనం. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాపథానికి వచ్చి ఓడించిన 12 మంది రాజుల జాబితాను ఆయన కొలువులోని కవి హరిషేణుడు అందులో రాశాడు. వాళ్లను పట్టుకుని, దయతలచి మళ్లీ వదిలిపెట్టాడట. ఆ పన్నెండు మందిలో ఒకడు పిష్టపురం రాజు, ఇంకొకడు వేంగి రాజు హస్తివర్మ. పిష్టపురం అంటే ఇప్పటి పిఠాపురం. వేంగి అంటే ఏలూరు పక్కనున్న పెదవేగి. పరీక్షలో బిరుదు గురించి బిట్టు వస్తుంది, ఈ రెండు ఊళ్ల మీద ఆ రోజు ఏం జరిగిందన్నది రాదు. ఓడిన ఊళ్ల పిల్లలు గెలిచినవాడి బిరుదును కంఠస్థం చేస్తున్నారు.

ఇందులో సముద్రగుప్తుడి తప్పేమీ లేదు. ఏ రాజైనా తన గురించి గొప్పగానే రాయించుకుంటాడు. ఆలోచించాల్సింది మన వైపు నుంచి. అలెగ్జాండర్‌ను ‘ది గ్రేట్’ అంటాం, ‘విశ్వవిజేత’ అంటాం. సీజర్ పేరు చెప్పగానే మహావీరుడు గుర్తొస్తాడు. ఈ ‘గొప్ప’ను ఎవరు, ఎక్కడ నిలబడి కొలిచారు? గెలిచిన సేన వెనక నిలబడి కొలిస్తే ఒక లెక్క వస్తుంది. సేన నడిచిన దారిలో నిలబడి కొలిస్తే వేరే లెక్క వస్తుంది. గోదావరి డెల్టా రెండు వేల ఏళ్లలో ఎక్కువ కాలం ఆ దారిలోనే ఉంది. కాబట్టి విజేతల గొప్పదనం గురించి మాట్లాడే హక్కు ఈ నేలకు గట్టిగానే ఉంది. ఇక్కడి నుంచి చూస్తే తేలేది ఒకటే: దండయాత్ర ఒక్కటే చూసి ఎవరికీ ‘మహా’ అని తగిలించకూడదు. వాళ్లను గుర్తు పెట్టుకోవాలి, కానీ వాళ్లు చేసినదంతా కలిపి గుర్తు పెట్టుకోవాలి.

డెల్టా దారిలో ఎందుకు పడిందో మ్యాప్ చూస్తే తెలుస్తుంది. ఒకపక్క తూర్పు కనుమలు, ఇంకోపక్క సముద్రం. కళింగ నుంచి కంచికి వెళ్లాలన్నా, కంచి నుంచి కళింగకు వెళ్లాలన్నా మధ్యలో ఉన్న ఈ మైదానం మీదుగానే రావాలి, గోదావరి ఇక్కడే దాటాలి. పైగా ఇది వరి పండే ఒండ్రు నేల. పాతకాలపు సేనలు తిండిని వెంట మోసుకుపోయింది తక్కువ, దారిలో దొరికినది తిన్నది ఎక్కువ. ఏనుగులకూ గుర్రాలకూ మేత కావాలి, వేల మందికి రోజూ బియ్యం కావాలి. అవన్నీ ఎవరో ఒకరి గాదెలోంచి, ఎవరో ఒకరి చేలోంచి రావాల్సిందే.

ఇది యుద్ధంలో అనుకోకుండా జరిగే నష్టం అనుకుంటే పొరపాటు. కౌటిల్యుడి అర్థశాస్త్రం దండయాత్రకు ముహూర్తాలు చెప్పింది. మార్గశిరంలో బయల్దేరితే మంచిదట. ఎందుకంటే శత్రువు దగ్గర పాత ధాన్యం అయిపోయి ఉంటుంది, కొత్త ధాన్యం ఇంకా లోపలికి చేరి ఉండదు. వానాకాలపు పంటనూ, చలికాలానికి వేసిన విత్తనాన్నీ ఒక్క దెబ్బతో పాడుచేయవచ్చు. మార్గశిరం అంటే ఏమిటో కోనసీమ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. సార్వా కోతలు, కుప్పలు, నూర్పిళ్లు. ఏడాది కష్టమంతా చేలోనే ఉండే నెల అది. ఏడాదిలో రైతు అందరికంటే నిస్సహాయంగా ఉండే రోజులను లెక్కగట్టి మరీ యుద్ధానికి బయల్దేరమని రాజనీతి చెప్పింది. విజేతల ప్రతిభ గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా ఆ ప్రతిభలో భాగమే.

ఈ ప్రాంతం మీద పడిన దెబ్బల్లో అన్నిటికంటే స్పష్టంగా నమోదైనది రెండో పులకేశిది. బాదామి చాళుక్యుల రాజు. ఉత్తరాన హర్షుణ్ణి నర్మద దగ్గర ఆపినవాడిగా పాఠాల్లో కనిపిస్తాడు. ఏడో శతాబ్దం మొదట్లో తూర్పు తీరం మీదికి వచ్చాడు. అప్పట్లో వేంగి విష్ణుకుండినుల ఏలుబడిలో ఉంది. ఆ దండయాత్ర గురించి 634లో ఐహోళెలోని జైన ఆలయం గోడ మీద రవికీర్తి అనే కవి సంస్కృతంలో పద్యాలు చెక్కించాడు. కాళిదాసుతో, భారవితో తనను పోల్చుకున్న కవి. ఆ ధీమాకు తగ్గట్టే రాశాడు. పిష్టం అంటే పిండి కాబట్టి, పిష్టపురాన్ని పిండి పిండి చేశాడని ఊరి పేరు మీదే శ్లేష కట్టాడు. ఆ వెంటనే కునాల సరస్సు దగ్గర జరిగిన యుద్ధం చెప్పాడు. దాన్ని కొల్లేరుగానే చరిత్రకారుల్లో ఎక్కువమంది గుర్తించారు. సరస్సు నిండా యుద్ధపుటేనుగులు క్రిక్కిరిసి ఉన్నాయట. రకరకాల ఆయుధాలతో తెగిన మనుషుల నెత్తురు కలిసి నీళ్లు ఎర్రబడ్డాయట. మబ్బు పట్టిన ఆకాశంలో సంధ్యారాగం లాగా ఉందట ఆ నీరు.

పద్యం అందంగా ఉంది. అందులో సందేహం లేదు. అందుకే దాని దగ్గర కాసేపు ఆగాలి. ఆ నీళ్లలో పడినవాళ్లు ఎవరు? ఎంతమంది? ఎక్కడివాళ్లు? పద్యానికి అక్కర్లేదు. చచ్చిపోయినవాళ్లు అందులో ఒక రంగుగా మాత్రమే మిగిలారు. పులకేశిని పొగడడానికి ఆ రంగు కావాల్సి వచ్చింది. ఒక ఊరు నలిగిపోవడం శ్లేషకు పనికొచ్చింది. ఇప్పుడు కొల్లేరు అంటే ఆటపాక పక్షులు గుర్తొస్తాయి, చేపల చెరువులు గుర్తొస్తాయి, ఆక్రమణల గొడవలు గుర్తొస్తాయి. 1,400 ఏళ్ల కిందట అక్కడ మనుషులు కుప్పలుగా పడ్డారన్న సంగతి ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్లో ఎంతమందికి చెప్పి ఉంటారు?

విజేతల గురించి మనకున్న సమాచారంలో చాలా భాగం ఇలాంటి చోట్ల నుంచే వచ్చింది. ప్రశస్తి రాసేవాడు రాజు దగ్గర ఉండేవాడు. అతను అబద్ధం చెప్పాడని కాదు. పైగా నెత్తురు సంగతి దాచలేదు కూడా. దాన్ని తప్పుగా కాక, గొప్పగా చెప్పాడు. పన్నెండు మంది రాజులను జయించానని సముద్రగుప్తుడు రాయించుకున్నా, ఆ రాజులంతా కలిసి ఎదిరిస్తే వెనక్కి తిరిగాడేమోనని ఫ్రెంచి చరిత్రకారుడు జూవో దుబ్రోయ్ వాదించాడు. గెలుపోటముల మీదే ఇంత వాదన నడిచే చోట, బిరుదు మాత్రం ఏ వాదనా లేకుండా పరీక్షల దాకా వచ్చేసింది.

పులకేశి రాజధానికి కూడా అదే గతి పట్టింది. 642లో పల్లవ నరసింహవర్మ బాదామిని పట్టుకుని ‘వాతాపికొండ’, అంటే వాతాపిని (బాదామిని) పట్టినవాడు అన్న తమిళ బిరుదు పెట్టుకున్నాడు. అక్కడి బండ మీద తన శాసనం చెక్కించాడు. పిఠాపురాన్ని నలిపిన వీరుడి ఊరు ఇంకొక వీరుడి బిరుదుగా మారడానికి ఐహోళె పద్యాలు చెక్కాక పదేళ్లు కూడా పట్టలేదు.

అయితే ఎప్పుడూ నలిగిన పక్కనే ఉన్నామని తెలుగువాళ్లు చెప్పుకోవడానికి లేదు. ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవాలి. తెలుగులో దొరికిన తొలి పద్య శాసనాల్లో ఒకటి అద్దంకి శాసనం. 848 నాటిది. వేంగి చాళుక్యుడు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను (బోయల స్థావరాలను) పట్టుకుని, కట్టెపు దుర్గాన్ని బయలు చేశాడని అందులో ఉంది. కోట ఉన్న చోట కోట లేకుండా చదును చేశాడన్నమాట. తెలుగు పద్యం ఎంత పాతదో చెప్పుకునేటప్పుడు ఈ శాసనాన్ని గర్వంగా చూపిస్తాం, చూపించాల్సిందే. కానీ ఆ తరువోజ పద్యంలో గెలిచిన సేనాని పేరుంది. ఆ కొట్టాల్లో ఉన్న బోయల్లో ఒక్కరి పేరూ లేదు. అదే గుణగ విజయాదిత్యుడు కిరణపురాన్నీ అచలపురాన్నీ కాల్చాడని వేంగి శాసనాలు సంబరంగా చెబుతాయి. ఇప్పటి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర వైపు ఊళ్లవి. పులకేశి పిఠాపురాన్ని నలపడం దారుణమైతే, వేంగి సేన అచలపురాన్ని కాల్చడం పౌరుషం ఎలా అవుతుంది? మనవాడు చేస్తే విజయం, ఎదుటివాడు చేస్తే దోపిడీ అనే లెక్క పెట్టుకుంటే ఇక ఈ చర్చే అనవసరం.

ఇప్పుడు అందరికంటే పెద్ద పేరున్న అలెగ్జాండర్ సంగతి చూద్దాం. 20 ఏళ్లకు మాసిడోనియా సింహాసనం ఎక్కాడు, క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో చనిపోయేనాటికి ఇంకా 33 నిండలేదు. ఆ మధ్యలో గ్రీసు నుంచి బియాస్ నది దాకా నడిచాడు. సైన్యాన్ని నడిపే నేర్పులో ఆయనకు సాటి చెప్పడం కష్టం. ఇది ఒప్పుకోవాలి. కానీ అదే దారిలో క్రీ.పూ. 335లో తిరగబడిన థీబ్స్ నగరాన్ని నేలమట్టం చేశాడు. 6,000 మంది చనిపోయారనీ, 30,000 మందిని బానిసలుగా అమ్మారనీ ప్రాచీన రచయితల లెక్క. థీబ్స్ పరాయి దేశం కూడా కాదు, గ్రీకు నగరమే. మూడేళ్ల తర్వాత టైర్ నగరం ఏడు నెలలు ఎదిరించింది. అది పట్టుబడ్డాక 2,000 మందిని సముద్రపు ఒడ్డున శిలువ వేశారని రోమన్ రచయిత కర్టియస్ రాశాడు. సుమారు 30,000 మందిని అమ్మేశారని గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ రాశాడు. ఆరియన్ అలెగ్జాండర్‌కు విరోధి కాదు, పెద్ద అభిమాని. పంజాబులో మల్లులు అనే తెగ ఊళ్ల మీద జరిగిన దాడిలో అలెగ్జాండర్‌కు బాణం దెబ్బ తగిలింది. ఆ కోపంతో సైనికులు ఆ ఊళ్లో ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా వదల్లేదు.

ఇంతకీ ఆ ‘గ్రేట్’ బిరుదు అలెగ్జాండర్‌ను చూసినవాళ్లు పెట్టిందని చెప్పడానికి ఆధారం లేదు. రాతలో అది మొదట కనిపించేది ఆయన పోయిన నూరేళ్లు దాటాక, ఒక రోమన్ హాస్యనాటకంలో. దేశాలు జయిస్తూ పోతున్న రోమన్లకు అలాంటి ఆదర్శం అవసరం పడింది. పర్షియాలో అగ్నిని కొలిచే జరతుష్ట్ర మతస్థుల పాత గ్రంథాల్లో అదే మనిషికి వేరే విశేషణం ఉంది: శాపగ్రస్తుడు. పర్సెపోలిస్ రాజనగరాన్ని తగలబెట్టినవాణ్ణి వాళ్లు అలాగే గుర్తుపెట్టుకున్నారు. తర్వాతి కాలపు పారసీక కవులు ఆయన్ని సగం తమవాడిగా చేసుకుని సికందర్ అన్న కథానాయకుణ్ణి తయారుచేశారన్నది వేరే కథ. మనకు వచ్చిన బిరుదు మాత్రం కాలిన ఊరి వైపు నుంచి రాలేదు.

ఇక్కడ ఎప్పుడూ వచ్చే అభ్యంతరం ఒకటుంది. ‘ఆ కాలం అలాంటిది. అప్పట్లో అందరూ అంతే. ఇప్పటి విలువలతో వాళ్లను తూచకూడదు.’ వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ కాలం మనుషుల మాటలు వింటే ఇది నిలబడదు. క్రీ.పూ. 55లో జూలియస్ సీజర్ సంధి కోసం మాట్లాడడానికి వచ్చిన జర్మన్ తెగల పెద్దలను నిర్బంధించి, నాయకులు లేని జనం మీద పడి ఊచకోత కోయించాడు. అందులో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారని సీజరే రాసుకున్నాడు. ఆ వార్త రోమ్ చేరినప్పుడు సెనేట్‌లో కేటో లేచి, మాట తప్పినందుకు సీజర్‌ను ఆ జర్మన్లకే అప్పగించాలని అన్నాడు. ఆ మాట చెల్లలేదు. కానీ ఆ రోజునే, అదే నగరంలో, అది నేరమని తెలిసినవాళ్లు ఉన్నారు.

మన దగ్గర అయితే ఇంకా స్పష్టంగా ఉంది. పంట మీద దాడికి ముహూర్తం చెప్పిన అర్థశాస్త్రమే జయించేవాళ్లను మూడు రకాలుగా విడగొట్టింది. లొంగితే చాలనుకునేవాడు ధర్మవిజయి. భూమీ డబ్బూ కావాలనేవాడు లోభవిజయి. భూమి, డబ్బు, భార్యాబిడ్డలు, చివరికి ప్రాణం కూడా తీసుకునేవాడు అసురవిజయి. అంటే రెండు వేల ఏళ్ల కిందటే విజేతలందరూ ఒకటి కాదని మనవాళ్లకు తెలుసు. భారతంలో ధర్మరాజు సంగతీ అంతే. కురుక్షేత్రం గెలిచాక ఈ గెలుపు నాకు ఓటమిలా ఉందని ఏడుస్తాడు, రాజ్యం వద్దంటాడు. ఆ కథను ఇష్టంగా వింటూ పెరిగినవాళ్లకు యుద్ధం చేసే నష్టం కొత్తగా ఇప్పుడు తెలిసిందని ఎవరంటారు? అయితే ధర్మవిజయం అన్న మాటను కూడా చూసుకుని వాడాలి. సముద్రగుప్తుడు దక్షిణాది రాజులను వదిలేశాడని చెప్పే శాసనమే ఉత్తరాది రాజులను పెళ్లగించాడనీ, అడవి రాజులందరినీ సేవకులుగా చేసుకున్నాడనీ చెబుతుంది. దూరంగా ఉన్న వేంగి మీద దయ, దగ్గరున్న రాజ్యాల మీద గొడ్డలి. దూరాన్ని బట్టి మారేదాన్ని ధర్మం అనడానికి మనసు ఒప్పదు.

అశోకుడి విషయం వేరు. ఆయన్ని ఈ వరుసలో ఊరికే కలిపేయకూడదు. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగ మీద యుద్ధం చేశాడు. కాలాన్ని బట్టి కళింగ దక్షిణపు అంచు గోదావరి దాకా వచ్చేది, కాబట్టి అది మనకు పరాయి కథ కాదు. పదమూడో శిలాశాసనంలో లెక్క తనే చెప్పాడు: 1,50,000 మందిని పట్టుకుపోయారు, 1,00,000 మంది చనిపోయారు, అంతకు ఎన్నో రెట్లు ఆ తర్వాత పోయారు. అక్కడితో ఆగలేదు. ప్రాణాలతో ఉన్నా ఆప్తులకు జరిగినదాన్ని చూసి బాధపడేవాళ్ల దుఃఖాన్ని కూడా లెక్కలో వేశాడు. తల్లిదండ్రులను చూసుకునేవాళ్లు, ఇళ్లల్లో ఉండే గృహస్థులు అని విడిగా చెప్పాడు. ప్రపంచం మొత్తం మీద, గెలిచిన రాజు తన గెలుపు వల్ల పోయిన మనుషులను ఇలా తలుచుకున్న పాత రాత ఇంకొకటి చూపించడం కష్టం. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద తెలుగు నేలలోనే ఆ శాసనం ఉంది.

అలాగని అశోకుణ్ణి కడిగిన ముత్యం చేయనక్కర్లేదు. కళింగను తిరిగి ఇవ్వలేదు. పశ్చాత్తాపం చెప్పిన అదే శాసనంలో అడవి జనాన్ని హెచ్చరించాడు: బాధపడుతున్నాను గానీ శిక్షించే బలం నాకుందని. ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ పదమూడో శాసనాన్ని కళింగలోని ధౌళిలో గానీ జౌగడలో గానీ చెక్కించలేదు. అక్కడ దాని బదులు వేరే శాసనాలు పెట్టారు. దెబ్బ తిన్నవాళ్లకు మాత్రం ఆ క్షమాపణ లాంటి మాట వినిపించలేదు. అయినా అశోకుడికి ‘మహా’ అని పేరు పెట్టాలంటే పెట్టవచ్చు, కారణం మాత్రం కళింగను గెలవడం కాదు. ఆ తర్వాత మరో కళింగ జరగకుండా ఉండడం, ఆ లెక్కను రాయి మీద ఉంచడం. సముద్రగుప్తుడి ప్రశస్తి చెక్కింది కూడా అశోకుడి శాసనాలున్న స్తంభం మీదే. ఆ అలహాబాద్ రాయి మీద ఇద్దరు చక్రవర్తుల మాటలూ కింద మీదగా ఉన్నాయి. మన పాఠాల్లో ‘నెపోలియన్’ అన్న పోలిక రెండోవాడికి బిరుదైంది.

‘దండయాత్రల వల్లే కదా మంచి కూడా జరిగింది’ అనేవాళ్లుంటారు. గోదావరి జిల్లాలో ఈ వాదనకు బలమైన ఉదాహరణ ఉంది. పులకేశి గెలిచిన వేంగిని తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడి చేతిలో పెట్టాడు. సుమారు 624 నుంచి మొదలైన ఆ తూర్పు చాళుక్య వంశం నాలుగున్నర శతాబ్దాలు ఏలింది. కన్నడ నేల నుంచి వచ్చినవాళ్లు మెల్లగా తెలుగువాళ్లయ్యారు. ఆ వంశంలోనే 1022లో రాజరాజనరేంద్రుడికి పట్టాభిషేకం జరిగింది. ఆయన కొలువులో నన్నయ భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. అంటే పులకేశి పిఠాపురాన్ని నలపకపోతే నన్నయ లేడా?

అలా లెక్క కట్టడం సరికాదు. పులకేశి భారతం కోసం రాలేదు. నాలుగు వందల ఏళ్ల తర్వాత జరిగినదాన్ని ఆయన ఖాతాలో వేస్తే, ఆ మధ్యలో పదిహేను, ఇరవై తరాల వాళ్లు చేసిన పనంతా ఆయనకు కట్టబెట్టినట్టే. వరద వచ్చిన చేలో మరుసటి ఏడు పంట బాగా పండితే ఆ ఘనత రైతుకు ఇవ్వాలి గానీ వరదకు కాదు. వేంగి చాళుక్యులు తెలుగును నెత్తిన పెట్టుకోవడం వాళ్లు ఇక్కడ స్థిరపడ్డాక, ఇక్కడి జనంతో కలిసి చేసిన పని. జనం జ్ఞాపకం కూడా ఇదే చెబుతుంది. రాజరాజనరేంద్రుడు యుద్ధాల్లో అదృష్టవంతుడు కాదు. సవతి తమ్ముడు విజయాదిత్యుడు ఆయన చేతిలోంచి సింహాసనం లాక్కున్నాడు, కల్యాణి చాళుక్యుల ఒత్తిడి వదలలేదు, మేనమామ రాజేంద్ర చోళుడి సేన వస్తే తప్ప నిలబడలేని రోజులు ఆయనవి. యుద్ధాల లెక్కన అయితే ఆయన పేరు అడుగున ఉండాలి. రాజమహేంద్రవరంలో ఈనాటికీ తలిచే రాజు ఆయనే. ఆయన్ని ఓడించినవాడి పేరు చరిత్ర చదివినవాళ్లకు తప్ప తెలియదు.

ఆ యుద్ధాల్లో ఒకటి కలిదిండి దగ్గర జరిగింది. ఇప్పుడు ఏలూరు జిల్లాలో, కొల్లేటికి దిగువన ఉన్న ఊరది. రాజరాజుకు సాయంగా వచ్చిన చోళ సేనానులు ముగ్గురు అక్కడ కర్ణాటక సేనతో పోరాడి చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా రాజరాజనరేంద్రుడు కలిదిండిలో శివాలయాలు కట్టించి, వాటికి ఊళ్లు రాసిచ్చాడు. తామ్రశాసనంలో ఈ సంగతి ఉంది. గెలిచిన కోటల జాబితా కాకుండా చచ్చిపోయినవాళ్ల పేరున గుడి కట్టిన రాజు అరుదు. అయితే అక్కడ కూడా పేర్లు దక్కింది సేనానులకే. వాళ్ల వెనక దక్షిణాది నుంచి నడిచొచ్చి ఈ రేగడిలో కలిసిపోయిన మామూలు సైనికుల పేర్లు ఏ రేకు మీదా లేవు. అంతకు ముందు రెండో విజయాదిత్యుడు పన్నెండేళ్లలో 108 యుద్ధాలు చేసి, 108 శివాలయాలు కట్టించాడని వేంగి శాసనాలు చెబుతాయి. గెలిచానన్న గుర్తుగా కట్టాడా, పాపం పోవాలని కట్టాడా అన్నది ఎవరికి వాళ్లు ఊహించుకోవాల్సిందే. రెండోదే నిజమైతే, వాళ్ల మనస్సాక్షి మన పుస్తకాలకంటే మెలకువగా ఉన్నట్టు.

సామర్థ్యాన్నీ గొప్పదనాన్నీ కలిపేయడం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. టైర్ ద్వీపాన్ని పట్టుకోవడానికి అలెగ్జాండర్ ఒడ్డునున్న పాత ఊరిని పడగొట్టి, ఆ రాళ్లతో సముద్రంలోకి అర మైలు దారి వేయించాడు. ఆ దారి చుట్టూ ఇసుక మేట వేసి, ఆ ద్వీపం ఇప్పటికీ ఒడ్డుతో కలిసే ఉంది. ఇంజనీరింగ్‌గా చూస్తే అబ్బురం. నీళ్లలో రాళ్లు పోసి నిలబెట్టిన పని ధవళేశ్వరంలోనూ జరిగింది. ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా ఆనకట్ట కట్టించాడు. ఒకటి ఊరిని చేరి చంపడానికి, ఇంకొకటి సుమారు 10 లక్షల ఎకరాలకు నీళ్లు పారడానికి. నైపుణ్యం రెండిట్లోనూ ఉంది. గొప్పదనం రెండిట్లోనూ ఉందనలేం.

కాటన్ కూడా విజేతల సైన్యం మనిషే. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. ఆయన్ని పంపింది ఈ దేశాన్ని గెలుచుకున్న కంపెనీ, ఆనకట్ట మీద ఆ కంపెనీకి శిస్తు ఆదాయం పెరిగింది కూడా. అయినా డెల్టా ఊళ్లల్లో ఆయన విగ్రహాలున్నాయి, అపర భగీరథుడు అంటారు, గోదావరిలో తర్పణం వదిలేటప్పుడు ఆయన్ని తలుచుకునేవాళ్లున్నారు. బ్రిటిష్ పాలనను మెచ్చుకునే ఏ మాటా అందులో లేదు. స్వాతంత్ర్యోద్యమంలో ముందు నడిచిన జిల్లాలివి. గెలిచిన రాజ్యాన్నీ, పని చేసిన మనిషినీ విడగొట్టి చూడడం ఇక్కడి జనానికి తెలుసు. రాళ్లు మోసిన కూలీలనూ, వాళ్లను సమకూర్చి కాటన్‌తో కలిసి పనులు నడిపించిన వీణెం వీరన్ననూ కూడా అంతే గట్టిగా తలుచుకోవాల్సింది, ఆ లోటు ఇంకా ఉంది. కానీ ఈ కొలబద్ద మాత్రం సరైనది. దాన్నే పాత రాజుల మీద కూడా వాడితే సరిపోతుంది.

అలా వాడినప్పుడు వాళ్లెవరూ చరిత్రలోంచి మాయమైపోరు. బిరుదులు తీసేయాలన్న గొడవ కూడా అక్కర్లేదు. పిఠాపురం, పెదవేగి, కొల్లేటి గ్రామాల బడుల్లో సముద్రగుప్తుడి పాఠం చెప్పే రోజున హరిషేణుడి జాబితాలో తమ ఊరు ఎక్కడుందో పిల్లలకు చూపించాలి. ఐహోళె పద్యం తెలుగులో చెప్పి, అందులో కొల్లేరు గురించి ఏముందో చదివించాలి. అద్దంకి శాసనం చదివేటప్పుడు బోయ కొట్టాల వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించమనాలి.

రాజరాజనరేంద్రుడి కొడుకు రాజేంద్రుడి ఉదాహరణ ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. వేంగిలో పుట్టి, 1070లో చోళ సింహాసనం ఎక్కి, కులోత్తుంగ చోళుడయ్యాడు. ఆయన సేన ఈ గోదావరి దాటి వెళ్లి కళింగను గెలిచింది. ఆ గెలుపు మీద తమిళంలో పరణి కావ్యం పుట్టింది. రణరంగంలో పిశాచాలు శవాలతో గంజి కాచుకుని తాగి రాజును దీవించడం ఆ కావ్యాల పద్ధతి. అదే రాజు సరుకుల మీద సుంకాలు ఎత్తేశాడు. ‘సుంగం తవిర్త్త చోళన్’, అంటే సుంకాలు తీసేసిన చోళుడు అని జనం పిలుచుకున్నారు. 1077లో ఆయన కాలంలోనే 72 మంది రాయబార బృందం చోళ దేశం నుంచి చైనాకు వెళ్లింది. విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్నం అన్న పేరొచ్చింది కూడా ఆ రోజుల్లోనే, ఓడరేవుల వ్యాపారం పెరిగిన కాలంలో. వేంగి బిడ్డ అని ఆయన్ని చెప్పుకునేటప్పుడు కళింగలో చచ్చినవాళ్లనూ చెప్పాలి, తీసేసిన సుంకాన్నీ చెప్పాలి. మహారాజు అనే మాట రెండోదాని పక్కన రాయాలి.